ఉద్దానపు చేతిపనులు – ప్రదర్శనశాలల ధర్మము

టెక్కలి, పలాసల నుండి ఉత్తరముగా ఇచ్ఛాపురము వఱకు సముద్రతీరమును ఆనుకొనియున్న సీమకు ఉద్దానమని పేరు. ఇది ఉద్యానశబ్దమునుండి పుట్టినదని చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన యీ నేలకు ఆ పేరు తగియున్నది. ఇచటను, దీనికి దక్షిణముననున్న వంశధారా నాగావళీ తీరములందును జనులు తరతరములుగా సాగించుచు వచ్చిన చేతిపనులు పెక్కు గలవు. రాజులు వేయించిన శాసనములకును, కట్టించిన దేవాలయములకును చరిత్రమున స్థానము లభించినది. ఈ పనులకు లభింపవలసిన స్థానమెట్టిదో విచారింపదగును.

శ్రీకాకుళ మండలమున పురావస్తు ప్రదర్శనశాల యన్నంతనే శాలిహుండము స్మృతికి వచ్చును. వంశధార దక్షిణపుటొడ్డున, కళింగపట్టణమునకు చేరువను కొండపై నున్న యీ బౌద్ధక్షేత్రమును 1919లో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వెలుగులోనికి తెచ్చిరి. 1943-46 సంవత్సరముల నడుమ టి. ఎన్. రామచంద్రన్ గారును, 1953-54లో ఆర్. సుబ్రహ్మణ్యము గారును అచట త్రవ్వకములు జరిపించిరి. స్తూపములు, చైత్యములు, ధాతుకరండములు బయల్పడినవి. తార, మారీచి మొదలగు దేవతల శిలాప్రతిమలు అచటి ప్రదర్శనశాలయందు గలవు.

అయితే ఆ త్రవ్వకములలో లభించినవి దేవతామూర్తులు మాత్రమే కావు. బ్రాహ్మీలిపిలో అక్షరములు గల కుండపెంకులును లభించినవి. ఆ కుండను చేసిన కుమ్మరి తాను చరిత్రమునకు సాధనమును సమకూర్చుచున్నానని యెఱుగడు, నిత్యోపయోగమునకై చేసెను. ఆనాటి సామాన్యవస్తువే నేటి పండితునకు ప్రమాణమైనది. కాని మట్టిపెంకు శతాబ్దములు నిలిచినట్లు నూలును, పీచును, కఱ్ఱయు నిలువవు. కావున వాని చరిత్రమును త్రవ్వి తీయుటకు వీలు లేదు. పని సాగుచున్న కాలముననే భద్రపఱుపవలెను.

పొందూరు ఖద్దరు ఇందులకు చక్కని నిదర్శనము. అచటి స్త్రీలు వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని దువ్వి శుభ్రపఱతురు. ఆ యెముకయందలి సన్నని పండ్లే దువ్వెనగా పనిచేయును. పిదప గింజ వేఱుచేసి, ఏకి, ఏకులు చుట్టి, అతిసూక్ష్మమైన నూలు వడుకుదురు. ప్రదర్శనశాలలో వస్త్రమును మాత్రము వ్రేలాడదీసినచో ఈ పద్ధతి తెలియునా? ఇక ఆ యెముక యొంటరిగా మట్టిలో దొరికినచో భావికాలపు పురావస్తుజ్ఞుడు దానిని భోజనావశేషమని తలచును గాని నూలుపనిముట్టని తలపడు. బుడితి గ్రామపు కంచు ఇత్తడి పాత్రలకును ఈ న్యాయమే వర్తించును. పాత్ర నిలుచును, పోతపోసిన నేర్పు నిలువదు.

చేతిపనులను ప్రదర్శించుట ఆంధ్రులకు క్రొత్త కాదు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభతోపాటు ఖద్దరు ప్రదర్శనము జరిగినది. టిక్కెట్టు లేని కారణమున జవహర్‌లాల్ నెహ్రూగారిని సయితము లోనికి పోనీయక నిలిపిన దుర్గాబాయి కథ ఆ ప్రదర్శనమునకు సంబంధించినదే. అప్పటికామె పదునాలుగేండ్ల బాలిక. అట్టి ప్రదర్శనములు జనులయందు ఉత్సాహమును పుట్టించును. సభ ముగియగానే వస్తువులు తలయొక దిక్కునకు పోవును. ఉత్సాహము ప్రదర్శనమునకు లక్షణము, జ్ఞాపకము ప్రదర్శనశాలకు లక్షణము. ఈ రెండును కలిసిననే పని నిలుచును.

ఆలస్యమువలన కలుగు నష్టమెట్టిదో ఉద్దానమే చూపినది. కొబ్బరిడొక్కలను నానవైచి, మోది, పీచు తీసి, త్రాళ్లు పేనుట తోటలు గల తీరమునకు సహజమైన వృత్తి. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరమును దాటి కొబ్బరి, జీడిమామిడి తోటలను విస్తారముగా నేలగూల్చినది. నాటిన కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఆ యేండ్లలో పీచుపనివాడు పొట్టకూటికై వేఱు పని వెదకుకొనక తప్పదు. చెట్టు మరల పెరుగవచ్చును. విడిచిన చేతికి పని మరల వచ్చుట దుర్లభము.

కావున మండలములందలి ప్రదర్శనశాలలు ప్రాచీనశిలలను కాపాడుచునే, ఏటేట జీవించియున్న పనివారలను పిలిచి, వారి పనిముట్లను, ముడిసరుకును, పని జరుగు క్రమమును జనులకు చూపింపవలెను. చేసినవాని పేరును, ఊరును వస్తువుప్రక్కన వ్రాసి యుంచవలెను. శాలిహుండపు కుమ్మరి పేరు నేడు మనకు తెలియదు. పొందూరున నూలు వడుకు అవ్వ పేరును, ఉద్దానమున త్రాడు పేను వాని పేరును తెలిసికొనుటకు ఇప్పుడు త్రవ్వకములతో పనిలేదు, అడిగిన చాలును.