యూదయాజకుల నైవేద్యభాగములు

యూదుల ధర్మశాస్త్రమున నైవేద్యవిభాగమునకు రెండు మార్గములు గలవు. లేవీయకాండము 7వ అధ్యాయము ననుసరించి, పొయ్యిలోనో పెనముమీఁదనో వండినది సమర్పించిన యాజకునిదే; వండని పిండి, నూనె కలిపినదైనను పొడిదైనను, అహరోను సంతతివారి కెల్ల సమానము. పనికిఁ గూలియు వంశమునకు హక్కును వేఱుపఱచిన నేర్పిది. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము గ్రామమునుండి వచ్చిన లేవీయునకును సేవయందుఁ బ్రవేశమును, సమభాగమును విధించినది.

ఆచరణము వేఱు. క్రీ. పూ. 622 ప్రాంతమున యోషీయారాజు ఉన్నతస్థలములను పాడుచేయఁగా, అచ్చటి యాజకులు సోదరులతోఁ గూడి పొంగని రొట్టెలు తినిరి కాని బలిపీఠమునొద్దకు రాలేదు. అన్నము దక్కినది, అధికారము దక్కలేదు!

క్రీ. పూ. 5వ శతాబ్దిలో నెహెమ్యా రెండవమాఱు వచ్చునప్పటికి ఆ యన్నమును లేదు. భాగము లందక లేవీయులు పొలములకుఁ బోయియుండిరి. అతఁడు కొట్లపై యాజకు నొకని, శాస్త్రి నొకని, లేవీయు నొకని నియమించి, హానానును వారికిఁ దోడుచేసెను. పంచువాఁ డొక్కఁడే కాకుండుట యిందలి విశేషము.