కొండవీధికి లారీ రాకముందు
కొడైకానల్‌లో తొలి బంగళాలు అమెరికా మిషనరీలు 1845లో కట్టుకున్నవి. అప్పటికి బండిబాట లేదు. పెరియకుళం దగ్గర కృష్ణమ్మనాయకన్ తోపు నుంచి నిటారు కాలిబాటే. దొరలు డోలీల్లో ఎక్కారు, సామాను కూలీల తలల మీద ఎక్కింది. లాస్ ఘాట్ రోడ్డు 1914లో పూర్తయింది, ఆ తర్వాతే మోటారు బండ్లు పైకొచ్చాయి. పాత సందులు మాత్రం వెడల్పు కాలేదు.

ఇప్పుడు అలాంటి సందులో ఒక్క జల్లి లారీ నిలిస్తే ఆంబులెన్సు కదలదు. కొండమీద ఇల్లు కట్టే మనవాళ్ళకు నా మాట ఇదే: లోడు కింద వెడల్పైన చోట దింపించండి. బడిపిల్లలు పోయాక చిన్న బండిలో ఎక్కించండి. మలుపులో ఒక మనిషిని నిలపండి. కూలి కొంచెం పెరుగుతుంది. పక్కింటి ముసలామె ఆసుపత్రికి పోయే దారి మాత్రం మూసుకోదు.