పైకప్పుకు పచ్చరంగు ఎందుకు వేశారు?

మార్చి 24 దగ్గర పడిందంటే పత్రికలకు క్షయ గుర్తుకొస్తుంది. 1882లో అదే రోజున రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్టు బెర్లిన్‌లో ప్రకటించాడు. 2025 కల్లా ఈ జబ్బును దేశం నుంచి తరిమేస్తామని మనం పెట్టుకున్న గడువు కూడా దాటిపోయింది. గడువుల సంగతి ఆరోగ్యశాఖ చూసుకుంటుంది. ఇక్కడ చెప్పుకోవలసింది, ఆ మహమ్మారి వైద్యానికి తెచ్చిపెట్టిన ఆస్తి గురించి. మందు లేని కాలంలో క్షయ వైద్యులు చేసేదేమీ లేక ఎండనూ గాలినీ చెట్లనూ ఆశ్రయించారు. వాటిని రోగి మంచం దాకా తేవడానికి వాస్తుశిల్పుల దగ్గరికి వెళ్లారు. తర్వాత మందొచ్చింది, ఆ భవనాలతో పనిలేకుండా పోయింది. అంతవరకు న్యాయమే. కానీ భవనాలతో పాటు అవి నేర్పిన పాఠాన్నీ పారేశాం. అది మాత్రం పొరపాటు.

వైద్యాన్నీ కళనూ ఒకే ప్రాంగణంలో ఉంచాలన్న ఆలోచన పాతదే. గ్రీసులోని ఎపిడారస్‌లో క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే వైద్యదేవుడి గుడి పక్కన నాటకశాల కట్టారు. పాలారు ఒడ్డున తిరుముక్కూడల్ గుడిలో 11వ శతాబ్దపు చోళ శాసనం ఒకటుంది. విద్యార్థుల వసతి, పాఠశాల, పదిహేను పడకల ఆసుపత్రి ఒకే ఆలయం నీడన నడిచాయని అది చెబుతుంది. ఇక మన గుంటూరు సీమలో 1261 నాటి మల్కాపురం శాసనం. రుద్రమదేవి తన గురువు విశ్వేశ్వర శివాచార్యులకు మందడం గ్రామాన్ని దానమిస్తే, ఆయన దాని రాబడితో మఠాన్నీ చదువునూ ప్రసూతిశాలనూ ఆరోగ్యశాలనూ నిలబెట్టాడు. ఇవాళ సచివాలయం ఉన్న వెలగపూడికి కూతవేటు దూరమది. వీటిని చూసి మన పూర్వులకు అన్నీ తెలుసని రొమ్ము విరుచుకోనక్కర్లేదు. అవి ధర్మం కోసం చేసిన ఏర్పాట్లే తప్ప, గోడకూ గాయానికీ సంబంధం వెతికిన ప్రయోగాలు కావు. ఆ సంబంధాన్ని పట్టుబట్టి వెతికినవాళ్లలో ఫ్లారెన్స్ నైటింగేల్‌ను ముందు చెప్పుకోవాలి. కంటికి కనిపించే రంగులూ రూపాలూ రోగి శరీరం మీద పనిచేస్తాయని ఆమె 1859లోనే రాసింది.

ఇక అసలు కథ ఫిన్లాండ్‌లో. తుర్కు నగరానికి దగ్గర్లో పైమియో అనే ఊరి పైన్ అడవిలో క్షయ శానటోరియం కట్టాలనుకుని పోటీ పెడితే, 1929లో ఆల్వార్ ఆల్టో గెలిచాడు. అప్పటికి ముప్పైకి అటూ ఇటూగా ఉన్న కుర్రాడు. భార్య ఐనో కూడా వాస్తుశిల్పే, ఆమె చెయ్యీ ఇందులో ఉంది. 1933లో ఆసుపత్రి మొదలైంది. భవనాలన్నీ నిలబడి తిరిగే మనిషిని దృష్టిలో పెట్టుకుని కడతారు, ఆసుపత్రి మాత్రం పడుకున్న మనిషిది అన్నదే ఆల్టో లెక్క. నెలల తరబడి వెల్లకిలా పడుకునేవాడికి నాలుగు గోడలకన్నా ఎక్కువగా కనిపించేది పైకప్పు. అందుకే దానికి తెలుపు కాకుండా కంటికి చలవగా ఉండే ముదురు పచ్చ వేయించాడు. దీపం రోగి కళ్లలో పడకుండా చూపుకు అందని చోట పెట్టాడు. వెచ్చదనం తలకు తగలకుండా కాళ్ల వైపు వచ్చేటట్టు అమర్చాడు. గదికి ఇద్దరు రోగులు, ఎవరి చేతుల తొట్టి వాళ్లకే. ఆ తొట్టి వాలును ఎలా లెక్కగట్టాడంటే, అర్ధరాత్రి ఒకరు లేచి చేతులు కడుక్కున్నా నీళ్ల చప్పుడుకు పక్క మంచం మీది మనిషి నిద్ర చెడదు. తలుపు పిడికి డాక్టరు కోటు చెయ్యి తగులుకోకుండా దాని వంపును కూడా ఆలోచించాడు. కుర్చీలకు ఇనుప గొట్టాలు అప్పట్లో కొత్త మోజు. ఆల్టో మాత్రం చలిదేశపు రోగి ఒంటికి ఇనుము చల్లగా తగులుతుందని బర్చ్ కలపను వంచి చేయించాడు. కూర్చున్నవాడికి ఊపిరి సులువుగా ఆడేలా వీపు వాలు కుదిర్చాడు. ఆ కుర్చీ ఇప్పుడు సంపన్నుల ఇళ్లలో అలంకారం. అది దగ్గే మనిషి కోసం పుట్టిందని కొనేవాళ్లలో ఎందరికి తెలుసో! మెట్లకు ఎండలాంటి పసుపు రంగు. దక్షిణం వైపు బాల్కనీల్లో, మంచు కురిసే రోజుల్లో కూడా, రోగుల్ని వెచ్చగా చుట్టి ఆరుబయట పడుకోబెట్టేవారు.

మన దగ్గర ఇంత పేరున్న వాస్తుశిల్పి లేకపోయినా ఇలాంటి ప్రయత్నం అంతకన్నా ముందే జరిగింది. మదనపల్లె పక్కన, రెండు వేల అడుగుల ఎత్తున, పొడిగాలి వీచే నేల మీద 1915లో మిషనరీ సంఘాలు కలిసి ఆరోగ్యవరం శానటోరియం నెలకొల్పాయి. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపాడు. దక్షిణాది క్షయరోగుల ఆశలకు చాలాకాలం అదే చిరునామా.

ఈ ఆశల్ని కూల్చిన దెబ్బ కూడా దక్షిణాది నుంచే వచ్చింది. 1956లో మద్రాసులో పెట్టిన క్షయ చికిత్సా కేంద్రం రోగుల్ని రెండు జట్లు చేసింది. రెండు జట్లకూ ఏడాదిపాటు ఒకే మందులు. ఒక జట్టుకు శానటోరియంలో మంచి తిండి, గాలి, విశ్రాంతి. రెండో జట్టు తమ ఇరుకిళ్లలోనే, అరకొర తిండితోనే ఉంది. 1959లో ఫలితాలు ప్రకటిస్తే రెండు జట్లూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. ప్రపంచమంతటా శానటోరియాల తలుపులు మూతపడటానికి ఇదొక పెద్ద కారణం. పైమియో సాధారణ ఆసుపత్రి అయింది, ఎండ బాల్కనీలను గదులుగా మూసేశారు. ఆరోగ్యవరం కూడా సాధారణ వైద్యశాలగా మారింది. పేదవాడు ఇల్లూ కూలీ వదులుకోకుండా బతికాడు. అంతకన్నా గొప్ప వైద్యవార్త మన గడ్డ మీద తక్కువే పుట్టింది.

అయితే భవనం మీద పెట్టే ఖర్చు దండగే కదా అని ఎవరైనా అడగవచ్చు. మద్రాసు పరిశోధన ముఖ్యంగా తేల్చింది ఇది: క్రిమిని చంపే మందు చేతిలో ఉన్నప్పుడు గాలీ విశ్రాంతీ ఆ పనికి అదనంగా ఏమీ కలపవు. నొప్పి గురించీ, నిద్ర గురించీ, ఆసుపత్రి వార్డులో పక్కవాడికి జబ్బు అంటడం గురించీ అది ఆ మాట అనలేదు. 2007లో పెరూ రాజధాని లిమాలో ఎనిమిది ఆసుపత్రుల గదుల్లో గాలి మార్పిడిని కొలిచారు. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు ఉన్న పాతకాలపు వార్డుల్లో క్షయ సోకే ప్రమాదం 11 శాతమని, యంత్రాలతో గాలి నింపే కొత్త గదుల్లో 39 శాతమని వాళ్ల అంచనా. శానటోరియం తరం మొరటుగా నమ్మిన కిటికీ రోగిని బాగుచేయకపోయినా వార్డులో తిరిగే హౌస్ సర్జన్‌నూ నర్సునూ కాపాడుతుందన్నమాట. 1984లో రోజర్ ఉల్రిచ్ పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మందిని పోల్చాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్ల కన్నా ముప్పావు రోజు ముందే ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. ఒక్క ఆసుపత్రి, కొద్దిమంది రోగులు. దీని మీద సిద్ధాంతం కట్టలేం, నిజమే. కాకపోతే చెట్టుకయ్యే ఖర్చెంత?

పడకలు చాలక నేల మీద పడుకునే దేశంలో పైకప్పు రంగు గొడవేమిటన్నది ఇంకా బరువైన ప్రశ్న. పడకే ముందు, అందులో వాదన లేదు. కానీ పచ్చరంగు డబ్బా తెల్లరంగు డబ్బా కన్నా ఖరీదేమీ కాదు. దీపాన్ని రెండడుగులు పక్కకు జరిపితే బడ్జెట్ తలకిందులు కాదు. డబ్బు లేకపోవడం నిజమైన అడ్డంకైతే కార్పొరేట్ ఆసుపత్రుల ముఖద్వారాల్లో అంత గ్రానైటూ ఫౌంటెన్లూ ఎక్కడివి? అక్కడ అందమంతా బిల్లు కట్టేవాడు నిలబడే చోట ఉంటుంది. ఐసీయూలో పడుకున్నవాడికి రాత్రీ పగలూ తెలియని ట్యూబులైటే గతి.

ఇలాంటివి గమనించే చూపు వైద్యుడికి చదువులోనే అబ్బాలి. ఆ చదువు దగ్గరికొస్తే కథ మరీ చిందరవందర. యేల్ విశ్వవిద్యాలయంలో చర్మవైద్యుడు ఇర్విన్ బ్రేవర్‌మన్ వైద్య విద్యార్థుల్ని మ్యూజియానికి తీసుకెళ్లి, పాత చిత్రాల ముందు నిలబెట్టి, కనిపించిందే చెప్పమన్నాడు. ఆ శిక్షణ పొందినవాళ్లు రోగుల ఫొటోల్లో వివరాలు మిగతావాళ్ల కన్నా బాగా పట్టుకున్నారని 2001లో తేలింది. మన దేశంలో 2019 నుంచి ఎంబీబీఎస్‌లో నడవడిక, నైతికత, సంభాషణ నేర్పే ‘ఎట్‌కామ్’ పాఠాలు చేరాయి. మంచి అడుగే. కానీ నీట్ ర్యాంకుల కోసం ఏళ్ల తరబడి నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టిన పిల్లలకు, చూడటం నేర్పడానికి ఆ గంటలు చాలవు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జిల్లా జిల్లాకూ కొత్త మెడికల్ కాలేజీలు, వాటికి అనుబంధ ఆసుపత్రులు లేస్తున్నాయి. వాటి ప్లాన్ల మీద సంతకం పెట్టే అధికారులకు ఒక విన్నపం: కాంట్రాక్టరుతో కూర్చునే ముందు, వార్డులో పదేళ్లు పనిచేసిన ఒక స్టాఫ్ నర్సును, నెల రోజులు మంచం మీద గడిపిన ఒక రోగిని పిలిపించి ఆ ప్లాను చూపించండి.