గోల్కొండ వంశాన్ని నిలబెట్టిన ఆడబిడ్డ

రాయదుర్గం ఐటీ టవర్ల నుంచి షేక్‌పేట మీదుగా కొన్ని కిలోమీటర్లు వెళ్తే కుతుబ్‌షాహీల సమాధులు వస్తాయి. అక్కడ సుల్తానుల గుమ్మటాలకు ఏమాత్రం తీసిపోని గుమ్మటం ఒక స్త్రీది. పక్కనే పెద్ద మసీదు. ఆమె హయత్ బక్షీ బేగం: సుల్తాను కూతురు, సుల్తాను భార్య, సుల్తాను తల్లి.

ఈ వంశంలో వారసత్వం మొదట నెత్తుటితోనే తేలింది. హమదాన్ నుంచి వచ్చి బహమనీల కొలువులో పైకొచ్చిన వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ 1543లో హత్యకు గురయ్యాడు. చేయించింది కొడుకు జంషీదేనంటారు. జంషీద్ అన్న కళ్లు పీకించాడు. తమ్ముడు ఇబ్రహీం విజయనగరానికి పారిపోయి అళియ రామరాయల అండన ఏడేళ్లు తలదాచుకున్నాడు. 1550లో గద్దెనెక్కి తెలుగు కవులకు మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. అంత ఆదరించిన రామరాయల మీదికే 1565లో ఇబ్రహీం యుద్ధానికి వెళ్లాడన్నదీ మరవకూడదు.

ఇబ్రహీం కొడుకు, చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీకి వారసురాలు కూతురు హయత్ బక్షీ ఒక్కతే. ఆమెను తన తమ్ముడి కొడుకు సుల్తాన్ మహమ్మద్‌కిచ్చి పెళ్లి చేశాడు. 1612లో ఆ అల్లుడే సుల్తానయ్యాడు. 1626లో అతను పోయేనాటికి కొడుకు అబ్దుల్లాకు పన్నెండేళ్లు. దర్బారు పగ్గాలు తల్లి చేతికొచ్చాయి.

అసలు పరీక్ష 1656లో. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా మొగలుల పక్షం చేరాడు. మొగలు యువరాజు ఔరంగజేబు సేన హైదరాబాదును దోచి గోల్కొండను చుట్టుముట్టింది. వయసు మళ్లిన హయత్ బక్షీ కోట దిగి, తానే శత్రువు శిబిరానికి వెళ్లి ఔరంగజేబుతో మాట్లాడింది. కోటి రూపాయలు, రామగిరి కోట, ఔరంగజేబు కొడుకుతో మనవరాలి పెళ్లి: చివరికి కుదిరిన షరతులివి. ముట్టడి ఎత్తెయ్యమని షాజహాన్ పంపిన ఆజ్ఞ కూడా కలిసొచ్చింది. ఖరీదు ఎక్కువే, కానీ రాజ్యానికి మరో ముప్పై ఏళ్ల ఆయుష్షు దక్కింది. గోల్కొండ చరిత్రలో ఏ సుల్తాను విజయమూ దీనికి సాటిరాదని నా నమ్మకం.

ఆమె 1667లో కన్నుమూసింది. అబ్దుల్లా తర్వాతా వారసత్వం కూతుళ్ల మీదుగానే నడిచింది. 1672లో పెద్దల్లుడు నిజాముద్దీన్ అహ్మద్‌ను కాదని, దర్బారు పెద్దలు చిన్నల్లుడు అబుల్ హసన్‌ను గద్దెనెక్కించారు. ఆయనే తానీషా, మంత్రులైన అక్కన్న మాదన్నల ప్రభువు. 1687లో ఔరంగజేబు మళ్లీ వచ్చినప్పుడు సంధి మాట వినదలచుకోలేదు. ఎనిమిది నెలలకు కోట పడింది. తానీషా దౌలతాబాదు చెరలోనే పోయాడు.