కాశీ బాటలో కల్పిత లోకాలు

కత్తులు, మంత్రాల ఆట పుట్టింది అమెరికాలో. ఆ ఆటకు కావలసిన సరుకు మాత్రం ఆర్మూరు పరిసరాల్లో ఎప్పటినుంచో ఉంది.

పసుపు సీజన్‌లో ఆర్మూరు కూడలి దగ్గర నిలబడితే లారీలు నాలుగు దిక్కులకూ పోతూ కనిపిస్తాయి. ఉత్తర దక్షిణాల 44వ నంబరు జాతీయ రహదారి, నిజామాబాద్ నుంచి జగిత్యాల వైపు పోయే 63వ నంబరు రహదారి ఇక్కడే కలుస్తాయి. నంబర్లు మారకముందు 44లోని ఈ భాగం 7వ నంబరు రహదారి. దానికి ఒక కొస కన్యాకుమారి, మరో కొస వారణాసి. కాడి, గోళ పసుపు బస్తాలు కదిలే ఈ దారి అలా కాశీ దారి కూడా అయింది. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా హైదరాబాదు దాటాక నిర్మల్ మీదుగానే నాగపూర్ వైపు సాగాడు. ఆయన రాసుకున్న దినచర్య 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది.

వీరాస్వామయ్య కళ్లతో చూసిన మజిలీలు రాస్తే, మధిర సుబ్బన్న దీక్షితులు ఊహలో మజిలీలు కట్టాడు. ఆయన ‘కాశీ మజిలీ కథలు’ 12 భాగాలు. రాకుమారులు, మాంత్రికులు, శాపాలు, గుహలు అందులో కొల్లలు. వాటన్నిటికన్నా గట్టిది కథలను కలిపి కుట్టిన దారం. మణిసిద్ధుడనే యతి కాశీకి పోవాలి. తోడు కావాలి. పశువుల కాపరి కుర్రవాడు వస్తానన్నాడు గాని ఒక షరతు పెట్టాడు: దారిలో తనకు వింతగా తోచిందేదైనా అడుగుతాడు, మజిలీ చేరాక దాని కథ చెప్పాలి. చదువుకున్నవాడు ఇక్కడ పశువుల కాపరికి మాట ఇచ్చి కట్టుబడ్డాడు. ఏ కథ నడవాలో నిర్ణయించేది అడిగేవాడి కన్ను.

పాచికలు వేసి కథ నడిపితే

సరిగ్గా ఈ ఒప్పందం మీదే 1974లో అమెరికాలో ఒక ఆట మార్కెట్‌లోకి వచ్చింది. పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. దాన్ని తయారుచేసినవారు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. ఒకరు లోకాన్ని నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ‘ఆ తలుపు వెనక ఏముంది?’ అని వాళ్లు అడిగితే నడిపేవాడు చెప్పి తీరాలి. దూకితే దాటుతారా, పడతారా అన్నది పాచికలు తేలుస్తాయి. వారాల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి అదే కథ సాగుతుంది.

అలా సాగాలంటే ఆటకొక లోకం కావాలి. గైగాక్స్ గ్రేహాక్‌ను కల్పించుకున్నాడు, ఆర్నెసన్ బ్లాక్‌మూర్‌ను. వాళ్ల వెనక వచ్చినవాళ్లలో చాలామంది టోల్కీన్ నవలల్లోని ఎల్ఫ్‌లు, మరుగుజ్జులు, మాంత్రికుల చుట్టూనే తిరిగారు. పటం మీద పేర్లు మారాయి గాని లోకం మారలేదు. 1984లో వచ్చిన ‘డ్రాగన్‌లాన్స్’ నవలలాంటి నాటకీయతను ఆటలోకి తెచ్చింది. అయితే నాయకులెవరో, కథ ఎటు పోవాలో ముందే రాసిపెట్టి ఉండటంతో ఆడేవాళ్లకు మిగిలింది రచయిత వెనక నడవడమేనన్న విమర్శా వచ్చింది. అడిగే హక్కు పోతే ఈ ఆట పురాణ కాలక్షేపమైపోతుంది.

2002లో ఈ ఆట హక్కులున్న కంపెనీ కొత్త లోకం కోసం పోటీ పెడితే దాదాపు 11,000 ప్రతిపాదనలు వచ్చాయి. గెలిచినది కీత్ బేకర్ ఊహించిన ‘ఎబెరాన్’. పుస్తకంగా 2004లో వచ్చింది. అక్కడ మంత్రం రైలు నడుపుతుంది, వీధి దీపం వెలిగిస్తుంది. నూరేళ్ల యుద్ధం అప్పుడే ఆగింది. పోరాడటానికే తయారుచేసిన మరమనుషులు ఇక ఏం చేసుకుని బతకాలి? ఆ లోకంలో డ్రాగన్ల కంటే ఈ ప్రశ్నే ఆటగాళ్లను ఎక్కువ లాగుతుంది.

లందలో దాగిన తల్లి

పాత లోకాన్నే కొత్త చోటు నుంచి చూడటం నిజామాబాద్ జిల్లాకు కొత్త విద్యేమీ కాదు. చిందు బాగోతం చేసింది అదే. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌కు చెందిన చిందు ఎల్లమ్మ 2005లో కన్నుమూసేదాకా ఆ కళకు ఈ జిల్లాలో పెద్ద దిక్కు. ఆడ వేషాలతో పాటు మగ వేషాలూ కట్టి మెప్పించిన కళాకారిణి.

రేణుక కథ అందరికీ తెలుసు: తండ్రి ఆజ్ఞ, పరశురాముడి గొడ్డలి. తెలంగాణ పల్లెల్లో చెప్పుకునే కథలో తరుముకొస్తున్న కొడుకు నుంచి తప్పించుకోవడానికి ఆ రేణుకే, అంటే ఎల్లమ్మ దేవత, మాదిగవారి లందలో, అంటే తోళ్లు ఊనే తొట్టిలో దాక్కుంటుంది. దేవత ప్రాణం ఊరి చివరి ఇంటివాళ్ల చేతిలో పడింది. ఒక్క చోటు మారేసరికి కథ బరువంతా అటు ఒరిగింది. మాదిగల పుట్టుకను చెప్పే జాంబపురాణం ఇంకా వెనక్కి పోతుంది. అందులో భూమి కంటే ముందు పుట్టినవాడు జాంబవంతుడు. సృష్టి ఎవరి నోట మొదలైతే పెద్దరికం వాళ్లది. కొత్త లోకం అంటే ఇంతకంటే ఏం కావాలి?

చిందువారి బతుకులోనే మరో పాఠం ఉంది. ఏ కుటుంబం ఏ ఊళ్లలో ఆడాలన్నది మిరాశి హక్కు. ఆ ఊళ్లోని మాదిగ ఇళ్లు వాళ్లకు తిండి పెట్టాలి, కట్నం ఇవ్వాలి. వాళ్లు ఆ కులం పుట్టుకను పాడాలి. ఇచ్చేవాళ్లకూ పాడేవాళ్లకూ మధ్య ఉన్న ఆ కట్టుబాటే ఆటకు పునాది.

కట్టుబాటులోంచే నాటకం పుడుతుందని మన సినిమాకూ తెలుసు. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’ కాశీ మజిలీ కథల నుంచి కొంత, అల్లాద్దీన్ కథ నుంచి కొంత తీసుకుంది. రాకుమారి కావాలంటే తోట రాముడికి సంపద కావాలి. భైరవి వరం కావాలంటే మాంత్రికుడికి సాహసి అయిన కుర్రవాడు కావాలి. ఒకడి అవసరంలో ఇంకొకడు చిక్కుకున్నాడు. గుహలోని మాయలన్నీ ఆ చిక్కు మీదే నిలబడ్డాయి.

ఆర్మూరులో ఆడితే

ఈ పట్టణం కుర్రకారు తమ ఊరినే ఆటలోకంగా మార్చుకోవాలనుకుంటే ముందుగా కళ్లు పోయేది నవనాథ సిద్ధుల గుట్ట మీదికే. ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న బండలు, గుహాలయం, తొమ్మిదిమంది సిద్ధులు తపస్సు చేశారన్న నమ్మకం. గుహలో డ్రాగన్‌ను పెట్టడం సులువే. అలాంటివి ఇప్పటికే వేలున్నాయి. దానికి బదులు ఒక మిరాశి ఊరికి ఒకే రాత్రి రెండు మేళాలు వచ్చాయనుకోండి. ఒకరిది పాత హక్కు, ఇంకొకరిది ఊరి పెద్ద ఇచ్చిన మాట. పసుపు అమ్మిన డబ్బు ఇంకా చేతికి రాలేదు, పెట్టాల్సిన కట్నం ఒక్కటే ఉంది. ఎవరిని ఆడమనాలి? తిరిగిపోయే మేళం శపిస్తే ఆ శాపం తగిలేదెవరికి?

పాచికలు తీయడానికి ఈ చిక్కు చాలు. ఎవరు ఎవరికి బాకీయో ముందు రాసుకుని, పటం ఆ తర్వాత గీసుకోవాలి.