నాళాగిరి దమనం: అమరావతి కథాశిల్పం

బుద్ధుడు మదపుటేనుగును శాంతింపజేసిన ఘట్టాన్ని చిత్రించిన వృత్తాకార శిల్పం ఇది. అమరావతి మహాచైత్యానికి చెందిన ఈ శిల్పాన్ని శాతవాహనుల కాలంలో, సుమారు క్రీ.శ. 2వ శతాబ్దంలో చెక్కినట్లు భావిస్తారు. ప్రస్తుతం చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

కథ పాళీ వినయపిటకంలోని చుల్లవగ్గలో కనిపిస్తుంది. సంఘాధిపత్యాన్ని ఆశించిన దేవదత్తుడు, బుద్ధుణ్ణి అంతమొందించేందుకు రాజగృహ వీధిలోకి నాళాగిరి అనే క్రూరమైన ఏనుగును వదిలిస్తాడు. దానికి మద్యం పట్టించారని తర్వాతి కథనాలు చెబుతాయి. బుద్ధుడు ప్రసరింపజేసిన మైత్రీభావానికి లొంగి, ఏనుగు ఆయన పాదధూళిని తొండంతో తలపై చల్లుకుంటుంది.

శిల్పి ఈ కథను గళ్లుగా విభజించలేదు. ఒకే వలయంలో, ఒకే వీధిలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఒకవైపు జనాన్ని చెల్లాచెదురు చేస్తూ, మరోవైపు బుద్ధుని పాదాల చెంత మోకరిల్లి. రెంటికీ నడుమ గీత లేదు. బెదిరిన స్త్రీ పక్కనున్న పురుషుణ్ణి పట్టుకొని ఒదిగిపోతుంది. మేడల కిటికీల నుంచి జనం తొంగిచూస్తారు. ఈ చూపరులు కేవలం అలంకారం కాదు. ప్రజలు మేడలెక్కి, ఎవరు గెలుస్తారోనని వాదులాడుకున్నారని చుల్లవగ్గ కూడా చెబుతుంది. బుద్ధుని మహిమ కన్నా ముందు మనకు తగిలేది ఆ వీధిలోని భయమే. శిల్పం బలం అక్కడే ఉంది.

ఇది పల్నాటి సున్నపురాయి. 'అమరావతి పాలరాయి' అన్న పేరు వ్యాప్తిలో ఉన్నా, నిజానికి పాలరాయి కాదు. సున్నితమైన చెక్కడానికి అనువైన ఈ రాతి స్వభావమే స్తూపానికి చేటు కూడా తెచ్చింది. కాలిస్తే సున్నమవుతుంది కనుక ఎన్నో ఫలకాలు బట్టీల పాలయ్యాయి. మరికొన్ని కట్టడాలకు తరలిపోయాయి. కోలిన్ మెకంజీ 1797లో ఈ స్థలాన్ని చూసి, 1816లో తిరిగివచ్చి చిత్రాలు గీయించే నాటికే విధ్వంసం చాలావరకు జరిగిపోయింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు చేరాయి; వాటిలో వందకు పైగా 1859లో లండన్‌కు తరలాయి. 1877లో రాబర్ట్ సీవెల్, 1880ల ఆరంభంలో జేమ్స్ బర్జెస్ మళ్లీ తవ్వించారు.

నేడు పల్నాడు జిల్లా అమరావతిలో మిగిలినది ప్రధానంగా స్తూపపు దిబ్బ, కొన్ని రాళ్లు, స్థానిక మ్యూజియంలోని శిల్పాలు. నాళాగిరి చెన్నైలో ఉంటే, అదే వేదికకు చెందిన మరికొన్ని రాళ్లు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.