పెరటి వేపచెట్టు – కౌటిల్యుని నుండి వాల్టా దాకా

మా పెరటిలో ఒక వేపచెట్టు ఉంది. అది నేను నాటినది కాదు. ముప్పై ఏళ్ళ క్రిందట ఈ స్థలం కొన్ననాటికే ఇంటి కప్పంత ఎత్తున నిలిచి ఉంది. క్రిందటి వర్షాకాలంలో ఒక రాత్రి వీచిన గాలికి దాని లావాటి కొమ్మ ఒకటి పొరుగువారి ప్రహరీగోడ మీదికి వాలింది. గోడ బీట వారింది. పొరుగాయన మంచివాడే. అయినా, "మాస్టారూ, పిల్లలు ఆడుకునే చోటు. చెట్టు కొట్టించెయ్యండి" అన్నాడు. సరేనని చెట్లు కొట్టే మనిషిని పిలిపించాను. అతడు చెట్టును ఎగాదిగా చూసి, "పర్మిషన్ కాగితం తెచ్చారా పంతులుగారూ?" అని అడిగాడు.

ముప్పై అయిదేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు ఆనాడు అతడొక పాఠం చెప్పాడు. నా పెరటిలోని చెట్టును కొట్టుకోవడానికి మరొకరి అనుమతి దేనికి? ఈ ప్రశ్న మనసును తొలిచింది. దరఖాస్తు పెట్టి రెండు కార్యాలయాల నడుమ తిరుగుతున్న రోజులలోనే పాత పుస్తకాలు కూడా తీసి కూర్చున్నాను. వాటిలో కనబడినది మిత్రులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

కౌటిల్యుని అర్థశాస్త్రం చాలాకాలం పేరుకు మాత్రమే తెలిసిన గ్రంథం. 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి చేరిన తాళపత్ర ప్రతిని ఆర్. శామశాస్త్రిగారు గుర్తించి, 1909లో అచ్చువేయించారు. అందులో మూడవదైన ధర్మస్థీయాధికరణంలో "దండపారుష్యం" అనే ప్రకరణం ఉంది. దండపారుష్యమంటే చేయి చేసుకోవడం, కొట్టడం, గాయపరచడం. మనుషులను కొట్టినవారికి శిక్షలు చెప్పి, పశువులను కొట్టినవారికి శిక్షలు చెప్పి, ఆ వరుసలోనే కౌటిల్యుడు చెట్ల దగ్గరకు వస్తాడు. నగరోద్యానాలలో పూలు, పండ్లు, నీడ ఇచ్చే చెట్ల చిగుళ్ళు త్రుంచితే 6 పణాలు జరిమానా. చిన్న కొమ్మ నరికితే 12, లావు కొమ్మ నరికితే 24. మాను నరికితే పూర్వసాహస దండం, అనగా 48 నుండి 96 పణాలు. సమూలంగా పెకలిస్తే మధ్యమసాహసం, 200 నుండి 500 పణాలు. పూలపొదలకు, తీగలకు ఇందులో సగం. పొలిమేర చెట్లు, చైత్యవృక్షాలు, రాజవనాలలోనివి అయితే రెట్టింపు.

మాను నరకడానికి అక్కడ వాడిన మాట "స్కంధవధ". వ్యాకరణం చదువుకున్నవాణ్ణి గనుక ఆ మాట దగ్గర కొంతసేపు ఆగిపోయాను. ఛేదమనవచ్చు, ఖండన మనవచ్చు. ఆయన వధ అన్నాడు.

యాజ్ఞవల్క్యస్మృతి కూడా చెట్లను దండపారుష్యంలోనే చేర్చింది. కొమ్మకు 20, మానుకు 40, మొత్తం చెట్టుకు 80 పణాలు. గుడి దగ్గర, శ్మశానంలో, పొలిమేరలో పెరిగిన చెట్టుకూ, పేరుపడిన చెట్టుకూ రెట్టింపు. ఈ స్మృతికి కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య వ్రాయగా, దానిని మన కేతన 13వ శతాబ్దంలోనే "విజ్ఞానేశ్వరీయము"గా తెలుగు చేశాడు. న్యాయశాస్త్రం తెలుగువారికి నిన్న మొన్న వచ్చినది కాదు.

పొలిమేర చెట్టుకు రెట్టింపు దండమెందుకో కూడా ఆలోచించాలి. సరిహద్దులలో మర్రి, రావి, మోదుగ, బూరుగ, తాడి వంటివి నాటమని మనుస్మృతి చెప్పింది. మన పాత దానశాసనాలలో ఎల్లలు చెప్పేటప్పుడు ఫలానా చింత, ఫలానా రావి అని చెట్లను పేర్కొనడం మామూలే. అంటే ఆనాడు చెట్టే దస్తావేజు. దానిని నరకడమంటే పత్రాన్ని చింపివేయడమే.

అయితే ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఈ శిక్షలన్నీ చెట్టు కొట్టిన తరువాత వేసేవి. ముందుగా వెళ్ళి అనుమతి తెచ్చుకోమన్న మాట లేదు. రెండవది, కౌటిల్యుడు ఎంచి చెప్పిన చెట్లు చాలావరకు పదిమందివి, లేదా రాజువి. గృహస్థు పెరటి చెట్టు జోలికి ఆయన రాలేదు.

పెరటిలోకీ పొలంలోకీ వచ్చినవారు తరువాతి పాలకులు. కాని వారు వచ్చింది చెట్టు మీద జాలితో కాదు, దుంగ మీద ఆశతో. 1792లో టిప్పుసుల్తాను మైసూరు రాజ్యంలో గంధపుచెట్టును రాజవృక్షంగా ప్రకటించాడు. ఎవరి నేలలో మొలిచినా అది ప్రభుత్వానిదే. పాలకులు మారినా ఆ నియమం మారలేదు. 2001లో కర్ణాటక ప్రభుత్వం చట్టాన్ని సవరించేదాకా నిలిచింది. ఈలోగా ఏమయింది? తన చేలో గంధపు మొక్క మొలిస్తే రైతు సంతోషించవలసిందిపోయి భయపడ్డాడు.

ఓడలు కట్టడానికి టేకు కావలసివచ్చి ఈస్టిండియా కంపెనీ కూడా అదే పని చేసింది. 1806లో కెప్టెన్ వాట్సన్‌ను అడవుల సంరక్షకునిగా నియమించి, మరుసటి ఏడే, అనగా 1807లో, మలబారు ప్రాంతపు టేకు మీద హక్కు తనదేనని ప్రకటించింది. సొంత భూమిలోని టేకును కూడా యజమాని ముట్టుకోరాదన్నారు. ప్రజలు గగ్గోలు పెట్టారు. చివరకు 1823లో ఆ ఉద్యోగాన్నే రద్దుచేసినవాడు ఎవరనుకున్నారు? అప్పటి మద్రాసు గవర్నరు థామస్ మన్రో. దత్తమండలాల కలెక్టరుగా రాయలసీమలో పనిచేసి, 1827లో పత్తికొండలో కన్నుమూసిన మన్రోయే. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న మన సీమవాసులకు ఆయనను పరిచయం చేయనక్కరలేదు.

ఇక నేటి పద్ధతి. నగరాలు పెరిగి నీడ తరిగిన తరువాత పుట్టినది ఇది. మహారాష్ట్ర 1975లో నగర ప్రాంతాల చెట్ల కోసం చట్టం చేసింది. 1976లో కర్ణాటక, 1994లో ఢిల్లీ ఆ దారి పట్టాయి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీరు, నేల, చెట్టు మూడింటినీ కలిపి ఒక చట్టం తెచ్చింది. జనం నోట అదే వాల్టా. రాష్ట్రం రెండయిన తరువాత తెలంగాణలోనూ అది కొనసాగింది. చెట్టు ఎండినా, తెగులు పట్టినా, ప్రాణానికో ఇంటికో ప్రమాదమైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొట్టినదానికి బదులు మొక్కలు నాటే బాధ్యత కూడా ఉంటుంది. కౌటిల్యుడు ఆగిపోయిన పెరటి గుమ్మం దాటి చట్టం లోపలికి వచ్చింది. నేల నీదే, చెట్టూ నీదే, దాని నీడా గాలీ మాత్రం వీధి వారందరివీ అంటున్నదన్నమాట.

ఈ వాదం నాకు నచ్చింది. కాని గంధపుచెట్టు కథ మరువరానిది. ఢిల్లీ చట్టంలో చెట్టంటే నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున కాండం 5 సెంటీమీటర్ల మందం, మొత్తం ఒక మీటరైనా ఎత్తు ఉండాలి. అంతకు లోపుదానికి ఆ చట్టం రక్ష లేదు. రేపు తిరగవలసిన తిరుగుడుకు భయపడి ఈనాడే మొక్కను పీకివేసే గృహస్థును ఏ చట్టం ఆపగలదు?

ఇంకొక సంగతి. నియమం అందరికీ ఒకటే కావాలి. 2025 మార్చిలో సుప్రీంకోర్టు, మథుర ప్రాంతంలో అనుమతి లేకుండా 454 చెట్లు కొట్టించిన ఒక యజమానికి చెట్టుకు లక్ష రూపాయల చొప్పున దండన విధించింది. మరుసటి నెలలోనే హైదరాబాదు కంచ గచ్చిబౌలిలో సుమారు వంద ఎకరాల పచ్చదనం యంత్రాల కింద పడిపోతే, అదే కోర్టు ప్రభుత్వాన్ని అడిగిన ప్రశ్న మా చెట్లు కొట్టే మనిషి నన్ను అడిగినదే: అనుమతి తీసుకున్నారా?

నా సంగతి చెప్పి ముగిస్తాను. నాలుగుసార్లు తిరిగిన తరువాత ఒక కుర్ర అధికారి వచ్చాడు. కాగితాలు ప్రక్కన పెట్టి చెట్టు చుట్టూ రెండుసార్లు నడిచాడు. మాను మీద చేత్తో తట్టి చూశాడు. "చెట్టు గట్టిగానే ఉంది మాస్టారూ. గోడ మీది కొమ్మ తీయిస్తే చాలదా?" అన్నాడు. చాలింది. గోడ బాగుచేయించే ఖర్చు నేను పెట్టుకున్నాను.

మొదట నేను కోపగించుకున్నది ఆ కాగితం మీద. కాని చెట్టును బ్రతికించినది కాగితం కాదు, సంతకం చేసే ముందు వచ్చి చూసిన ఆ కుర్రవాడు. కాగితం అతణ్ణి మా పెరటి దాకా తీసుకువచ్చిందంతే. అతడు రాకుండానే సంతకం చేసి ఉంటే, అనుమతితోనే వధ జరిగిపోయి ఉండేది.

నగరోద్యానంలోనిదైతే ఆ లావు కొమ్మకు కౌటిల్యుని లెక్కన 24 పణాలు చెల్లించవలసినవాణ్ణి. పెరటిది గనుక తప్పించుకున్నాను. బాకీ ఉంచుకోవడం ఇష్టం లేక వీధి చివర రెండు కానుగ మొక్కలు నాటాను. ఈ వేసవిలో వాటికి నీళ్ళు పోసే పని నాది.